స్ట్రాస్‌బూర్గ్‌లో ఆ చెక్క మేడ ముందు నిలబడి నాన్న అడిగిన ప్రశ్నలకి జవాబు కావాలి

వడ్రంగి_కొడుకు రాశారు:

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో కార్ల్స్‌రూహెలో ఉంటాను. పోయిన వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక శనివారం రైన్ నది దాటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బూర్గ్ తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద చర్చి, కేథడ్రల్, చూపించాలని నా ఆలోచన. గులాబి రంగు రాయి, 142 మీటర్ల శిఖరం, ఒకప్పుడు రెండువందల ఏళ్ళకి పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం అని ముందే చదువుకుని వెళ్ళాను కూడా. నాన్న తలెత్తి ఒకసారి చూసి, బాగుందిరా అని, పక్కకి తిరిగారు. అంతే, ఇక అటు నుంచి కదల్లేదు. పక్కనే మూలమీద ముదురు గోధుమ రంగులో నిలువెల్లా చెక్కడాలతో ఒక పాత మేడ ఉంది. మేజోఁ కామెర్జెల్ అంటారట, ఒక వ్యాపారి కట్టించుకున్న ఇల్లట.

నాన్న నలభై ఏళ్ళకి పైగా వడ్రంగం చేసిన మనిషి. మా తూర్పుగోదావరి వైపు ఆయన చేతి గుమ్మాలు, దూలాలు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ మేడ కింద నిలబడి మెడ వెనక్కి వంచి అరగంట చూశారు. అమ్మ కాళ్ళు నొప్పులని ఎదురుగా మెట్ల మీద కూర్చుండిపోయింది. కింది అంతస్తు రాయి, పైన మూడు అంతస్తులు చెక్క, ఆ పైన కప్పులో మళ్ళీ అంతస్తులు. నాన్న దగ్గరికెళ్ళి రాతి కమాను మీద అరచెయ్యి పెట్టి, పైన గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్ర మొనల్ని వేలితో లెక్కపెట్టారు. తరవాత మొదలుపెట్టారు ప్రశ్నలు. "గోడ అన్నదే లేదు కదరా, వరసగా అన్నీ కిటికీలే, మరి పైబరువు ఎవరు మోస్తున్నట్టు?" అని. పై అంతస్తు కింది దానికంటే ముందుకు ఎందుకు వచ్చిందని. ఇది ఏ కర్ర, ఎన్నేళ్ళు ఎండబెట్టి ఉంటారు, ఇనప మేకులు కొట్టారా లేదా అని. అన్నిటికంటే ఎక్కువగా ఆయన్ని పట్టుకున్నది ఒకటే: ఏడాదిలో సగం వాన, మంచు ఉండే ఊళ్ళో ఈ కర్ర నాలుగువందల ఏళ్ళు ఎలా పుచ్చకుండా ఉంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఊరికి వెళ్ళిపోయారు గానీ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ మేడ సంగతి కనుక్కున్నావా" అంటున్నారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్తే ఆయనకి చదివి వినిపిస్తాను.

ఇల్_నది_ఒడ్డున రాశారు:

నేను స్ట్రాస్‌బూర్గ్‌లోనే ఏడేళ్ళుగా ఉంటున్నానండి, వారానికి రెండుసార్లయినా ఆ ఇంటి ముందునుంచే వెళ్తాను. కర్ర సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, ఇంటి చరిత్ర నేను చెప్తాను.

ఇల్లు ఒక్కసారే కట్టింది కాదు. మొదట 1427లో కట్టారు. మీ నాన్నగారు చెయ్యి పెట్టి చూసిన కింది రాతి అంతస్తు 1467 నాటిది. 1571లో మార్టిన్ బ్రౌన్ అనే జున్ను వ్యాపారి ఇల్లు కొన్నాడు. కింది రాతి భాగం అలాగే ఉంచి, దాని మీద 1589లో ఇప్పుడు మనం చూస్తున్న మూడు చెక్క అంతస్తులు, మూడు వరసల అటక లేపాడు. అంటే పైది కిందిదానికంటే వందేళ్ళకి పైగా చిన్నది. అప్పట్లో ఈ ఊరు అటు ఫ్రాన్స్‌దీ కాదు, ఇప్పుడు మనం అనుకునే జర్మనీదీ కాదు, తన పాలన తాను చూసుకునే స్వేచ్ఛా నగరం. 1681లో ఫ్రాన్స్ కిందికి, 1871లో జర్మనీ కిందికి, 1918లో మళ్ళీ ఫ్రాన్స్ కిందికి, 1940లో నాజీల చేతికి, 1944లో విముక్తి. ఇన్ని జెండాలు మారినా ఇల్లు ఆ మూలమీదే ఉంది.

కామెర్జెల్ అన్న పేరు కట్టినవాడిది కాదు. 19వ శతాబ్దంలో ఇక్కడ కిరాణా వ్యాపారం చేసిన యజమాని ఇంటిపేరు అది, జనం నోట్లో అదే నిలిచిపోయింది. 1879లో కేథడ్రల్ బాగోగులు చూసే ఊవ్ర్ నోత్ర్ దామ్ సంస్థ కొని మరమ్మతులు చేయించింది. 1929లో చారిత్రక కట్టడంగా నమోదైంది. ఊరి నడిబొడ్డు మొత్తం, గ్రాంద్ ఈల్ అంటారు, 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

చెక్కడాలు తొందరపడకుండా చూడాలి. పన్నెండు రాశులు ఉన్నాయి, చూపు వినికిడి లాంటి అయిదు ఇంద్రియాలు, మనిషి బాల్యం నుంచి ముసలితనం దాకా దశలు, సీజర్, షార్లమేన్ లాంటి వీరులు ఉన్నారు. ఒక జున్ను వ్యాపారి తన ఇంటి మీద ఇవన్నీ చెక్కించుకున్నాడంటే, కేథడ్రల్‌కి వచ్చే ప్రతివాడూ తన గుమ్మం ముందు ఆగాలని ఎంత ఆశపడ్డాడో అనిపిస్తుంది నాకు. అద్దాలు చూశారా? సీసా అడుగుల్లా గుండ్రంగా, మధ్యలో మందంగా ఉంటాయి. పెద్ద గాజు పలకలు చెయ్యడం కష్టమైన కాలం, అందుకే చిన్న గుండ్రటి బిళ్ళలు ఊది, సీసపు పట్టీలతో కలిపేవారు. అలాంటి కిటికీలు ఈ ఇంటికి 75 ఉన్నాయి. లోపల ఇప్పుడు హోటల్, భోజనశాల నడుస్తున్నాయి. గోడల మీద 1900ల మొదట్లో లియో ష్నూగ్ వేసిన బొమ్మలు ఉన్నాయి. ఈసారి వస్తే కాఫీ తాగే మిషతో అయినా నాన్నగారిని లోపలికి తీసుకెళ్ళండి, దూలాలు తలమీదే కనిపిస్తాయి.

దూలం_వాసం రాశారు:

నేను సివిల్ ఇంజనీర్‌ని, జర్మనీలో పాత ఇళ్ళ మరమ్మతుల పనిలో ఉన్నాను. మీ నాన్నగారి మొదటి ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. ఇక్కడ చాలామంది పర్యాటకులకి తట్టని ప్రశ్న అది.

ఈ తరహా ఇళ్ళల్లో గోడ బరువు మొయ్యదండి, కర్ర చట్రం మోస్తుంది. జర్మన్‌లో ఫాఖ్‌వెర్క్, ఫ్రెంచ్‌లో కొలోంబాజ్ అంటారు. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, చట్రం పక్కకి ఒరిగిపోకుండా ఏటవాలుగా బిగించిన కర్రలు, అంతే ఇల్లు. మధ్య ఖాళీల్లో ఏం నింపినా పరవాలేదు. పాతకాలంలో ఆ ఖాళీల్లో సన్న కొమ్మలతో తడిక అల్లి, మట్టిలో గడ్డి కలిపి తొక్కి రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూసేవారు. మన పల్లెల్లో తడిక గోడకి మట్టి మెత్తి అలికేవారే, అచ్చంగా అదే పని. కాబట్టి ఖాళీలో మట్టి బదులు కిటికీ పెట్టినా ఇల్లు పడిపోదు. ఈ మేడ లేపిన బ్రౌన్ డబ్బున్నవాడు గనక వరసగా కిటికీలే పెట్టించాడు. కిటికీకీ కిటికీకీ మధ్య చెక్కడాలతో కనిపించే నిలువు కర్ర ఉంది చూడండి, చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ బరువు దిగేది దాని గుండానే. ఈ ఇంటి మీద చెక్కడాలు ఎక్కువ కాబట్టి అస్థిపంజరం సరిగ్గా కనబడదు. అదే ఊళ్ళో పెతీత్ ఫ్రాన్స్ పేటకి వెళ్తే తోళ్ళు పదును చేసేవాళ్ళ ఇళ్ళు ఉంటాయి, 1572 నాటిది ఒకటి ఉంది, కప్పులో గాలి ఆడేలా తెరిచి ఉంచిన అటకల్లో తోళ్ళు ఆరబెట్టేవారు. అక్కడ చట్రం నగ్నంగా కనిపిస్తుంది. మూల స్తంభాల దగ్గర కాళ్ళూ చేతులూ చాచి నిలబడ్డ మనిషిలా కర్రల అమరిక ఉంటుంది, దాన్ని ఇక్కడివాళ్ళు 'మాన్' అంటారు, అంటే మనిషి అనే. గాలికి ఇల్లు ఊగకుండా పట్టుకునేది ఆ మనిషే.

పై అంతస్తు ముందుకు రావడం గురించి. ప్రతి అంతస్తూ విడి పెట్టెలాంటిది, కిందిదాని మీద కూర్చుంటుంది. మీ నాన్నగారు లెక్కపెట్టిన కర్ర మొనలు నేల దూలాలవి. కింది గోడ దాటి అవి మూరెడు బయటికి వస్తాయి, పై అంతస్తు గోడ ఆ మొనల మీద నిలుస్తుంది. అలా మొన మీద బరువు పడితే దూలం నడుమ కిందికి కుంగకుండా పైకి లేవాలని చూస్తుంది, గదిలో నేల వంగదు. ఇరుకు వీధిలో పై గదులు కాస్త పెద్దవవుతాయి. వాననీళ్ళు కింది గోడ మీద జారకుండా దూరంగా పడతాయి. ఒక్క పనితో మూడు లాభాలు.

కర్ర ఓక్. ఎండబెట్టడం గురించి నేను చెప్పేది నాన్నగారు ముందు నమ్మకపోవచ్చు: చాలావరకు పచ్చి కర్రతోనే పని చేసేవారు. ఎండిన ఓక్ మీద ఉలి దిగడం కష్టం. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కి, ఒకదాని చివర నాలుకలా తీసి ఇంకోదాని బెజ్జంలో దూర్చి, అడ్డంగా ఎండిన కర్రమేకు కొట్టేవారు. చట్రం అతుకుల్లో ఇనప మేకు వాడరు, ఓక్‌లో ఉండే వగరు పదార్థం ఇనుమును తినేస్తుంది. ఇంకో కిటుకు ఏంటంటే నాలుకలో బెజ్జం, బయటి బెజ్జం సరిగ్గా ఎదురెదురుగా పెట్టరు, కొంచెం తప్పించి వేస్తారు. మేకు దిగేకొద్దీ అతుకు లోపలికి లాక్కుంటుంది. ఏళ్ళు గడిచి కర్ర ఎండి ముడుచుకునేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మొత్తం చట్రం ముందు ఖాళీ స్థలంలో నేలమీద పరిచి అమర్చి చూసుకుని, ప్రతి కర్ర మీదా ఉలితో రోమన్ అంకెలు వేసి, విప్పి, తెచ్చి నిలబెట్టేవారు. ఉలితో నిలువు గీతలు వెయ్యడం తేలిక కాబట్టి ఆ అంకెలు. ఇప్పటికీ పాత ఇల్లు విప్పినప్పుడు ఆ గుర్తులు కనబడితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరో ఒక మనిషి నాలుగు శతాబ్దాల కిందట పొరపాటు జరక్కూడదని వేసుకున్న గుర్తు అది.

ఇలా విప్పి మళ్ళీ కట్టే వీలుంది కాబట్టే స్ట్రాస్‌బూర్గ్ ఉన్న ఆల్సాస్ ప్రాంతంలోనే ఉంగెర్స్‌హైమ్ దగ్గర కూలిపోవలసిన పాత ఇళ్ళని కర్రా కర్రా విడదీసి తెచ్చి ఒక ఊరిలా నిలబెట్టారు. 1984లో తెరిచారు. నాన్నగారు మళ్ళీ వస్తే ఒక రోజంతా అక్కడే గడపండి.

పుచ్చడం సంగతి రాత్రికి రాస్తాను, పని మీద బయటికి వెళ్తున్నాను.

కోనసీమ_పిల్ల రాశారు:

పై అంతస్తు ముందుకు రావడం పన్ను తప్పించుకోడానికి అని మా గైడ్ చెప్పాడు. నేల మీద ఎంత జాగా ఉంటే అంతకే పన్ను కాబట్టి పైన పెంచుకునేవాళ్ళట. అది నిజం కాదా?

ఇల్_నది_ఒడ్డున రాశారు:

ఆ పన్ను కథ ఐరోపాలో చాలా ఊళ్ళల్లో చెప్తారండి. కానీ స్ట్రాస్‌బూర్గ్‌లో కళ్ళతో చూడగలిగిన ఆధారం ఒకటి ఉంది, అది పన్ను గురించి కాదు, నిప్పు గురించి. 1298లో ఊరు చాలా భాగం కాలిపోయింది. వీధికి అటూ ఇటూ ఇళ్ళు పైన దగ్గరదగ్గరగా వంగి ఉంటే మంట ఒక ఇంటి నుంచి ఎదురింటికి దూకుతుంది కదా, అందుకని ఎంతవరకు ముందుకు రావచ్చో ఊరి పెద్దలు హద్దు పెట్టారు. ఆ కొలత కేథడ్రల్ దక్షిణం వైపు రాతి మీద చెక్కి ఉంది, పక్కన పాత జర్మన్‌లో 'ముందుకు వచ్చే కొలత ఇది' అని అర్థం వచ్చే మాట. కట్టేవాడు వచ్చి కర్రతో కొలుచుకుని వెళ్ళేవాడన్నమాట. కామెర్జెల్ నుంచి నడిచి అయిదు నిమిషాలు కూడా పట్టదు, దాని ముందు ఎవరూ ఆగరు. మా అమ్మాయికి చూపించాను, తన మూరతో కొలిచి చూసుకుంది.

దూలం_వాసం రాశారు:

ఇప్పుడు పుచ్చడం గురించి. ఓక్ మాను లోపలి చేవలో వగరు పదార్థం ఎక్కువ, పురుగుకీ బూజుకీ అంత తొందరగా లొంగదు. చెక్కేటప్పుడు పైనున్న తెల్ల భాగాన్ని వీలైనంత తీసేస్తారు. కానీ చేవ ఒక్కటే కాపాడలేదు. కర్ర తడిస్తే ఫరవాలేదు, తడిసినది ఆరకపోతేనే చచ్చిపోతుంది. ఈ ఇళ్ళల్లో ప్రతి ఏర్పాటూ ఆరడం కోసమే. అడుగు దూలం నేల మీద పెట్టరు, రాతి అరుగు మీద పెడతారు. ఈ ఇంట్లో అయితే ఒక అంతస్తు మొత్తం రాయే. కప్పు చూరు బాగా బయటికి ఉంటుంది. మట్టి, సున్నం రెండూ తేమని పీల్చి మళ్ళీ వదిలేస్తాయి, పక్కనున్న కర్రలోంచి కూడా లాగేస్తాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాలుగువందల ఏళ్ళు నిలిచిందంటే ఒక్క కర్రా మార్చలేదని కాదు. పాడైన చోట ఆ మేరకు కోసి కొత్త ఓక్ అతుకుతూ వచ్చారు, తరం తరవాత తరం. చూసుకునే మనిషి లేని ఇల్లు ఏ కర్రదైనా నిలవదు.

నేను ఇక్కడ చేసే మరమ్మతుల్లో సగం పైన ఎందుకు వస్తాయో తెలుసా? రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1950ల నుంచి 70ల దాకా, పాత చట్రాల మీద సిమెంటు పూశారు, కర్రల మధ్య ఖాళీలు సిమెంటుతో నింపారు, పైన నీరు చొరని రంగులు వేశారు. ఇల్లు కొత్తగా, గట్టిగా కనబడింది. కర్ర ఎండకి వానకి కదులుతూ ఉంటుంది, సిమెంటు కదలదు. రెండిటి మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది, నీళ్ళు అందులోంచి లోపలికి వెళ్తాయి, బయటికి రావడానికి దారి ఉండదు. మూడువందల ఏళ్ళు బతికిన ఓక్ ముప్ఫై ఏళ్ళలో చేత్తో నలిపితే పొడి అవుతుంది. పోయిన ఏడు ఒక దూలంలోకి నా స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది, బయటికి మాత్రం రంగు నిగనిగలాడుతోంది.

వడ్రంగి_కొడుకు రాశారు:

ఇవన్నీ నిన్న రాత్రి నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. పచ్చి కర్ర అన్నదగ్గర కాసేపు మాట్లాడలేదు. తరవాత "బెజ్జం తప్పించి మేకు కొట్టడం మా తాత చేసేవాడు, నాగళ్ళకీ బండి నొగలకీ" అన్నారు. సిమెంటు సంగతి చదివినప్పుడు మాత్రం గొంతు మారిపోయింది.

విషయం ఏంటంటే మా తాతగారి మండువా ఇల్లు ఊళ్ళో ఉంది. మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు. ఎనిమిదేళ్ళ కిందట నేల ఎత్తు చేయిస్తున్నప్పుడు ఒక మేస్త్రి స్తంభాల కింద ఉన్న రాతి దిమ్మలు కప్పేసి, కర్ర చుట్టూ జానెడు ఎత్తున సిమెంటు పోసి టైల్స్ అంటించేశాడు. చెద పట్టదు, వందేళ్ళు ఉంటుంది అన్నాడు. నాన్న అప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు, నేను ఇక్కడి నుంచి ఫోన్‌లోనే సరే అన్నాను. ఇప్పుడు రెండు స్తంభాల దగ్గర టైల్ పక్కనుంచి గోధుమ రంగు పొడి రాలుతోంది. ఆ మేడ ముందు నాన్న అరగంట ఎందుకు నిలబడ్డారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. స్తంభాలు మొత్తం తీసెయ్యాలా? ఏమైనా మిగులుతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

దూలం_వాసం రాశారు:

కంగారు పడకండి. చాలాసార్లు పాడయ్యేది అడుగు భాగమే. ముందు సిమెంటు మొత్తం కొట్టించెయ్యండి, కర్రకి గాలి తగలనివ్వండి, కొన్ని వారాలు అలాగే ఆరనివ్వండి. తరవాత నాన్నగారిని ఉలి వెనక పిడితో కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్ళమనండి. బోలుగా మోగినంత మేర పోయినట్టు, ఖణీమన్న చోటు నుంచి మంచిది. ఆ పైన ఇంకో జానెడు వదిలి కోసి, అదే జాతి పాత కర్రతో కాలు అతకాలి. అతుకు అడ్డంగా కాదు, ఏటవాలుగా పొడుగ్గా, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకునేట్టు. ఇక్కడ మేం ఓక్‌కి చేసేది ఇదే, స్ట్రాస్‌బూర్గ్‌లోనూ ఇదే. మీకు అదృష్టవశాత్తూ ఇంట్లోనే వడ్రంగి ఉన్నారు.

అరుగు_మీద రాశారు:

మాది పశ్చిమగోదావరి. మా ఇంట్లో మూడు స్తంభాలకి ఈ పని చేయించాం కాబట్టి నాలుగు మాటలు. కోసేముందు పైదూలానికి రెండు వైపులా ఆనింపు పెట్టాలి, సరుగుడు బాదులు సరిపోవు, జాకీలు అద్దెకి తెచ్చుకోండి, ఒక స్తంభం పూర్తయ్యాకే రెండోది ముట్టుకోండి. పాత టేకు కోసం కొత్త డిపోల చుట్టూ తిరక్కండి, ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మేచోట పాత దూలాలు దొరుకుతాయి, అవి ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. రాతి దిమ్మ మళ్ళీ పైకి కనబడాలి. మన దగ్గర తేమ ఒకటే కాదు, చెదలు కూడా ఉన్నాయి, దిమ్మ కనబడుతుంటే చెద మట్టిదారి వేసుకుంటూ పైకి ఎక్కడం మీ కంట పడుతుంది, సిమెంటు కింద అయితే మీకు తెలిసేసరికి స్తంభం తినేసి ఉంటుంది. చుట్టూ నేలకి సున్నం వాడండి. గానుగ సున్నం తెలిసిన పనివాళ్ళు తక్కువైపోయారు, గుళ్ళ మరమ్మతులు జరిగేచోట అడిగితే దొరుకుతారు, మాకు అలాగే దొరికారు.

వడ్రంగి_కొడుకు రాశారు:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఆదివారం నాన్న, మా బాబాయి కలిసి ఒక స్తంభం దగ్గర సిమెంటు కొట్టేశారు. వీడియో కాల్‌లో చూపించారు. కింద బెత్తెడున్నర మేర నల్లగా పొడి అయిపోయింది, ఆ పైన తడితే మోగుతోంది. రాతి దిమ్మ పగలకుండా బయటపడింది, దాని మీద తాతగారి కాలం నాటి పద్మం చెక్కడం అలాగే ఉంది. పాత సామాను కొట్టులో టేకు దూలం ఒకటి చూసి బయానా కూడా ఇచ్చేశారు. ఇప్పుడు ఆయన ప్రశ్న, దూలం_వాసం గారికి: అతుక్కి మేకు టేకుదే పెట్టాలా, నల్లతుమ్మ పెట్టచ్చా?

దూలం_వాసం రాశారు:

తుమ్మే పెట్టమనండి, కర్రమేకు స్తంభం కంటే గట్టిదై ఉండాలి. బాగా ఎండినది, నార తిన్నగా సాగినది చూసి, రంపంతో కోయకుండా నిలువుగా చీల్చి తీసుకోమనండి. బెజ్జం ఒక నూలుకి (అంగుళంలో ఎనిమిదో వంతు) మించి తప్పించొద్దు, టేకు ఓక్ అంత సాగదు, పగులుతుంది. మొదటి స్తంభం అయ్యాక ఫొటో పెట్టండి.